కర్వ్ కిందికి రాలేదని నేలనే పైకి లేపాను

అమీర్‌పేటలో ఒక మేథ్స్ సారుని దులిపేద్దామని చొక్కా చేతులు మడిచి మరీ బయల్దేరిన మనిషి ఎలా తిరిగొచ్చాడో చెప్తాను, వినండి. ఆ మనిషిని నేనే. కోపం ఇంకా తగ్గలేదు. ఎవరి మీద అని మాత్రం అడక్కండి!

పంజాగుట్టలో నాది కర్టెన్ల షాపు. మా అమ్మాయి జెస్సీ పదో క్లాసు. తన ట్యూషన్‌లో తెలివైన పిల్లలకి ఎ బ్యాచ్, మిగతావాళ్లకి బి బ్యాచ్. ఈసారి గ్రాఫ్ షీటు తప్పయితే బి లోకి దించేస్తామన్నారట. అది ఎ కోసం ప్రాణం పెట్టేస్తుంది.

లెక్కేమో x² − 2x + 3 = 0. గ్రాఫ్ గీసి ఆన్సర్ చెప్పాలి.

"కర్వ్ ఈ అడ్డగీతని ఎక్కడ తాకితే అదే ఆన్సర్ డాడీ. దీన్నే ఎక్స్ యాక్సిస్ అంటారు" అంది.

చూద్దును కదా, కర్వు కొక్కేలకి తగిలించిన ఝాలరులా వేలాడుతోంది. గీతకి రెండు గళ్లు పైనే ఆగిపోయింది! నాకు ఒళ్లు మండింది.

"ఏంటే ఇది? కాస్త కిందికి లాగు!"

"పాయింట్లు కదపకూడదు డాడీ. ఇది తాకదు. రియల్ రూట్స్ లేవు, అంతే."

"ఆన్సర్ లేని లెక్క ఎవడైనా ఇస్తాడా?"

మా లైన్‌లో కర్టెన్ నేలకి అందకపోతే విప్పి కుట్టం. "కింద మందపాటి కార్పెట్ వేయండి మేడమ్, లుక్కే మారిపోతుంది" అంటాం. నేల పైకొస్తుంది, కర్టెన్ అందుతుంది, గొడవ ఉండదు. అదే చేశాను! రబ్బరు తీసుకుని, "డాడీ, వద్దు!" అని అది అరుస్తున్నా వినకుండా, అడ్డగీతనీ, పక్కన అది రాసిన ఆన్సర్‌నీ చెరిపేసి, గీతని మూడు గళ్లు పైన గీశాను. దర్జాగా రెండుచోట్ల తగిలింది. ఆన్సర్లు 0, 2. నా చేత్తోనే రాశాను.

మర్నాడు సాయంత్రం ఫోను. "నన్ను బి లో వేశారు. నువ్వు నాతో మాట్లాడకు!"

షాపు వదిలేసి స్కూటరేసుకుని ట్యూషన్‌కి పరుగెత్తాను. కోపంతో ఊగిపోతున్నవాడి చేతిలో కూడా కంప్యూటర్ కోర్సు పాంప్లెట్ పెట్టడం అమీర్‌పేటకే చెల్లింది! అది నలిపేసి లోపలికెళ్లాను.

"ఏమయ్యా, తప్పు లెక్కిచ్చి పిల్లని దించుతావా?"

కుర్ర సారు తడబడలేదు. "అన్నా, జర కూసోండి. గీ యాక్సిస్ మూడు గళ్లు పైకెట్ల ఎక్కింది?"

"నేనే ఎక్కించాను! లేకపోతే తాకట్లేదు కదా!"

"తాకకపోవుడే ఆన్సర్ అన్నా! మీ ఆన్సర్ సున్నా అన్నరు గదా. ఎక్స్ బదులు సున్నా పెట్టుండ్రి. ఎంతొస్తది?"

వేళ్లు ముడిచాను. "మూడు..."

"సున్నా రావాలె గదా?"

గుమ్మంలో జెస్సీ నన్ను కాల్చేసేలా చూస్తోంది. సారు షీటు ఎత్తి ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకున్నాడు. నేను చెరిపేసిన పాత గీత, దాని పక్కన 'రియల్ రూట్స్ లేవు' అన్న జెస్సీ రాత, మసగ్గా ఇంకా కనబడుతున్నాయి!

"ఇది నువ్వే రాసినవా బేటా?"

"నేనే సార్. డాడీ చెరిపేశారు."

"పాప ఎ బ్యాచ్‌లనే ఉంటది" అన్నాడు సారు. నా వైపు తిరిగి, "బి ల ఒక సీటుంది అన్నా. కావాల్నా?"

క్లాసంతా ఒకటే నవ్వు! మడిచిన చొక్కా చేతులు దించుకుని బయటపడ్డాను.

జెస్సీని స్కూటర్ ఎక్కించుకుని పంజాగుట్ట సిగ్నల్ దాకా వచ్చాను. రెడ్ పడింది. కస్టమరు మేడమ్ ఫోను.

"ఏంటండీ ఇది? కర్టెన్ నేలకి అందనే లేదు!"

నోరు అలవాటుగా తెరుచుకుంది. "దానిదేముంది మేడమ్, కింద ఒక మందపాటి కార్పెట్..."

వెనకనుంచి వీపు మీద ఒక్కటి పడింది. "డాడీ! మళ్లీ నేల లేపుతున్నావ్!"

"...అబ్బే, కాదు మేడమ్. కొత్తది కుట్టిస్తానండీ" అన్నాను.

బి బ్యాచ్‌లో నా మొదటి రైట్ ఆన్సర్ అదే.