ఎరువుల అంగడి మీద డాక్టరు

మా అమ్మాయి కుప్పంలో ఫిజిషియన్ అసిస్టెంట్ కోర్సులో చేరినప్పటి నుంచి నాకు పని పెరిగింది. మదనపల్లె టమాటా మండీలో క్రేటును చూసి తూకం అంచనా కట్టడం నా వృత్తి. బడి మధ్యలో మానేసి, కాటా దగ్గర నిలబడి సొంతంగా నేర్చుకున్న లెక్క అది. ఇన్నేళ్లలో ఆ లెక్కను ఎవరికీ విడమరిచి చెప్పాల్సి రాలేదు. అమ్మాయి చదువును మాత్రం టీ తాగిన ప్రతిచోటా విడమరచాల్సి వచ్చింది.

"డాక్టరా?" అంటారు. కాదు. "అయితే నర్సు." అదీ కాదు. రోగి వెనకటి సంగతులన్నీ అడిగి రాసిపెట్టడం, పరీక్షించి డాక్టరుకు చెప్పడం, ఆపరేషన్‌లో పక్కన నిలబడి సాయం చేయడం అని నేను మొదలుపెట్టగానే ఎదుటివాళ్లకు టీ చల్లారిపోతున్న సంగతి గుర్తొస్తుంది. మండీలో ఒకాయన మాత్రం విషయం తేల్చేశాడు.

"అంటే పనంతా ఆ పాప చేస్తాది, బోర్డు మీద పేరు ఇంకొకరిది. మన మాదిరే ఉండాదిలేప్పా."

కాలేజీ వాళ్ల పుస్తకంలో కూడా ఇంత స్పష్టంగా లేదు.

పుంగనూరులో ఎరువులు, పురుగుమందుల అంగడి నడిపే మా అన్నకు ఇలాంటి తికమకలు నచ్చవు. చివరి ఏడాది ఇంటర్న్‌షిప్‌కు అమ్మాయి కుప్పంలోనే ఒక ఆసుపత్రిలో చేరిందని తెలియగానే అంగడి నెత్తిన ఫ్లెక్సీ కట్టించాడు. నిలువెత్తు ఫోటో, మెడలో స్టెతస్కోపు, పేరు ముందు డాక్టర్ అన్న మాట. కింది వరుసలో మేలురకం విత్తనాలు, డ్రిప్పు పైపులు. ఆ స్టెతస్కోపు అమ్మాయిది కాదు, ఫ్లెక్సీ కొట్టేవాడి కంప్యూటర్‌లో దొరికింది.

ఆ ఆదివారం ఇద్దరం పుంగనూరు వెళ్లాం. దాన్ని చూడగానే అమ్మాయి నన్ను పక్కకు లాగింది.

"నాయనా, ఇది మా ఆసుపత్రి వాళ్ల కంట్లో పడితే నన్ను పంపించేస్తారు. డాక్టర్లమని ఎక్కడా చెప్పుకోబోమని చేరేటప్పుడే మాతో రాయించుకున్నారు. ఇంటర్న్‌షిప్ పోతే డిగ్రీ లేదు."

నేను లెక్క వేశాను. ఫ్లెక్సీ అంగడి మీది నుంచి కదలదు. కానీ ఫోటో తీసినవాడు ఇద్దరికి పంపి, ఆ ఇద్దరూ చెరో ఇద్దరికి పంపితే, పలమనేరు, వి.కోట మీదుగా పోయే బస్సు కంటే ముందే అది కుప్పం చేరుతుంది. బస్సు పలమనేరులో ఆగుతుంది, ఫోటో ఆగదు.

"అన్నా, ఆ డాక్టర్ అన్న మాట తీయించు," అన్నాను.

"యాల? మన ఇంటి పాప పేరు పైన కనపడతా ఉంటే ఓర్వలేకుండా ఉండావా?"

"ఆ పాప డాక్టరు కాదు కదన్నా."

"ఈరోజు కాదు. రేపు అయితాది. ఈ ఫ్లెక్సీ ఎండకు తట్టుకునేదే, రేపటికీ ఉంటాది."

"నేను ఎప్పటికీ డాక్టర్ని కాను పెద్దనాయనా. ఇది వేరే చదువు," అంది అమ్మాయి.

"సూసినావా, ఎంత అణకువో," అన్నాడు అన్న నాతో.

ఈలోగా బేరాలు మొదలయ్యాయి. ఆ అంగడిలో ఒక పద్ధతి ఉంది. రైతు తెగులు పట్టిన ఆకు తెస్తాడు. అన్న దాన్ని వెలుతురుకు పెట్టి చూసి సీసా ఒకటి బల్ల మీద పెడతాడు. ప్రశ్నలుండవు. ప్రశ్న అడిగితే మందు మీద నమ్మకం పోతుందని ఆయన సిద్ధాంతం. సదుం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఫ్లెక్సీని చూసి, అమ్మాయిని చూసి, టమాటా ఆకు జేబులో వేసుకుని మోకాలు ముందుకు చాపాడు.

"నేను డాక్టర్ని కాదు తాతా."

"తెలుసులేమ్మా. పెద్ద డాక్టర్లంతా అట్లే అంటారు."

నొప్పి అన్నవాళ్లను అడగకుండా వదలకూడదని మూడేళ్లుగా నూరిపోసిన చదువు కదా, అమ్మాయి అడగడం మొదలుపెట్టింది. ఎప్పటి నుంచి, పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా, ఎప్పుడైనా పడ్డారా, షుగర్ ఉందా, ఏ మాత్రలు వాడుతున్నారు. పెద్దాయన మొదట ఉత్సాహంగా, తర్వాత అనుమానంగా జవాబిచ్చాడు.

"నా పెండ్లికి కూడా ఇన్ని అడగలేదమ్మా."

"నేను మందు ఇవ్వకూడదు తాతా. ఆసుపత్రికి పోయి ఎముకల డాక్టరుకు చూపించుకోండి. నేను అడిగినవన్నీ ఆయనకు చెప్పండి."

"సూది?"

"లేదు."

"మాత్రన్నా?"

"లేదు."

పెద్దాయన మోకాలు వెనక్కి తీసుకుని జేబులోని ఆకు తీసి అన్నకిచ్చాడు. "నువ్వే మేలప్పా. సూస్తానే సీసా ఇస్తావు."

ఆ తర్వాత కళ్లు తిరిగే ఆమె వచ్చింది, దగ్గు ఆయన వచ్చాడు. అందరికీ అవే ప్రశ్నలు, అదే ఆసుపత్రి. మధ్యాహ్నానికి వీధి తీర్పు చెప్పేసింది. ఎదురు టీ అంగడి ఆమె దాన్ని మోసుకొచ్చింది.

"ఏమప్పా, మీ పాపకు సూదెయ్యడం ఇంకా నేర్పీలేదంట కదా. అడిగేది మాత్రం పోలీసోళ్ల మాదిరి అడుగుతాందంట."

అన్న ముఖం మాడిపోయింది. "సూదెయ్యని డాక్టర్ని నెత్తిన పెట్టుకుంటే నా యాపారం ఏం కావల్ల?" అంటూ తనే నిచ్చెనేసి తాళ్లు కోశాడు. నేను బతిమాలినా దిగని గౌరవం సూది లేక దిగింది. ఫోటో తీసి గొప్పగా పంచినవాళ్లు కూడా ఇలాంటి డాక్టరా అని సిగ్గుపడి తుడిచేశారట. అమ్మాయి ఇంటర్న్‌షిప్‌ను ఆ ఊరి అపనమ్మకం కాపాడింది. అంత పని నా లెక్క వల్ల కాలేదు.

సాయంత్రం బస్టాండులో కుప్పం బస్సు కోసం నిలబడి ఉంటే అన్న వచ్చాడు. నన్ను పక్కకు జరగమని సైగ చేసి, గొంతు తగ్గించి అమ్మాయితో అన్నాడు.

"అరికాళ్లు తిమ్మిరిగా ఉండాయి పాపా. చెప్పు జారిపోయినా తెలీదు. డాక్టరు దగ్గరికి పోతే సూదేస్తాడని పోలేదు. నువ్వు ఎట్లాగూ ఎయ్యవు కదా."

"ఎప్పటి నుంచి పెద్దనాయనా?" అంది అమ్మాయి.

ప్రశ్నలంటే గిట్టని మనిషి ఒక్కొక్కదానికీ ఆలోచించి జవాబు చెప్పసాగాడు. బస్సు వచ్చి ఆగింది. పిలిచాను, ఇద్దరూ వినలేదు. తర్వాతి బస్సు ఎప్పుడో కనుక్కుందామని నేను విచారణ కిటికీ వైపు నడిచాను.