నీలం కోసం చెప్పిన మాట

ఇత్తో ఇంట్లో ఉన్నికి నీలం రంగు వేసే నీలికుండ మొండికేసింది. ఆమె నీలి ఆకు ముద్దకు తోడుగా ఖర్జూరాలు వేసింది, బూడిదనీళ్ళు పోసింది, పసిబిడ్డకు కప్పినట్టు కంబళి కప్పింది. అయినా ఒక్క బుడగ లేవలేదు. ముంచి తీసిన ఉన్నిదారపు చిలప మురికి వాన రంగులో వేలాడింది.

అట్లాస్ కొండల్లోని ఆ ఊళ్ళో దీనికి ఒకటే మందు. కుండ మీదికి వంగి పెద్ద అబద్ధం చెప్పాలి. అది ఇంటింటికీ తిరిగితేనే కుండలో నీలం లేస్తుంది. కొండెక్కి ఒంటె పాట పాడిందనో, మౌల్వీ గడ్డం పచ్చబడిందనో చెప్పుకుని ఆడవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఆ తర్వాత మరిచిపోతారు.

"త్వరగా కానియ్ వదినా, పొయ్యిలో నా రొట్టెలు మాడుతున్నాయి," అంది అబద్ధం మోసుకుపోవడానికి వచ్చిన పక్కింటి తూదా.

ఇత్తో కుండ మీదికి వంగింది. "మన మంత్రసాని ఇజ్జా అవ్వకి చూపు పోయింది. మొన్న కాన్పులో బొడ్డనుకుని తన కొంగే కోసుకుంది!"

తూదా పగలబడి నవ్వుతూ పరిగెత్తింది.

తెల్లారేసరికి కుండ మీద రాగి మెరుపుతో నురుగు పూసింది. పచ్చగా పైకి వచ్చిన దారం, గాలి తగలగానే, లోపల ఎవరో దీపం ఆర్పినట్టు నీలమైంది. అంత నీలం ఇత్తో ఎన్నడూ చూడలేదు.

కానీ ఆ మాట ఆగలేదు. నోటి నుంచి నోటికి పోతూ అందులోంచి కొంగు జారిపోయింది, నవ్వు జారిపోయింది. చూపు పోవడం ఒక్కటే మిగిలింది. కుమ్మరి కోడలికి నొప్పులు మొదలైతే లారీలో పట్నం తీసుకుపోయారు. అప్పటికే చేతులు కడుక్కుని గుమ్మంలో కూర్చున్న ఇజ్జా అవ్వ ముందునుంచే ఆ లారీ పోయింది. ఇత్తో బిడ్డలందరినీ మొదట అందుకున్నవి ఆ చేతులే. ఇత్తో తల దించుకుని లోపలికి పోయింది.

మర్నాడు ఊట దగ్గర అందరికీ చెప్పేసింది. "అవ్వ చూపు నిక్షేపంగా ఉంది. నేనే కల్పించాను."

"మళ్ళీ కుండ పెట్టావా వదినా?" అంది తూదా.

"నా బిడ్డల మీద ఒట్టే!"

"అబద్ధానికి ఒట్టు కూడానా! ఈసారి కుండ పొంగిపోవాల్సిందే!" అంది ఇంకొకామె.

నవ్వులు నీళ్ళ మీద చాలాసేపు తేలాయి.

అవ్వకిద్దామని ఇత్తో తన నీలాల్లోకెల్లా మంచి చిలప పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళింది. నేల చూస్తూ జరిగినదంతా చెప్పింది. అవ్వ చిలప అందుకుని కిటికీ వైపు తిప్పింది.

"ఇక్కడ ముడి బిగించి కట్టావు. రంగెక్కలేదు."

ఇత్తో వంగి చూసింది. కనిపించలేదు. గుమ్మంలోకి, ఎండలోకి తీసుకుపోయి చూస్తే, నువ్వుగింజంత తెలుపు.

"లోకంలో ఇన్ని అబద్ధాలుండగా నా కళ్ళే దొరికాయటే?" అంది అవ్వ.

నోటికొచ్చిందేదో అన్నానని ఇత్తో చెప్పబోయింది. అదీ అబద్ధమే.

"నువ్వు కాలు పెట్టని ఇల్లు లేదు కదవ్వా," అంది. "నీ పేరైతే ప్రతి ఇంట్లోకీ పోతుందని..."

"పోయింది," అంది అవ్వ. ఇత్తో దగ్గరున్న చిలపను తీసుకుని మెత్తగా మడిచి, తిరిగి ఆమె చేతుల్లోనే పెట్టింది.