తూలే భూమి, ఆశ్లేష కోడలు

2023లో నానక్‌రామ్‌గూడలోని ఒక ఆఫీసులో జాతకాల యాప్‌కు టెస్టర్‌ని. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా పని. హేతువాదికి ఇదేం ఉద్యోగమని మిత్రులు ఎద్దేవా చేసేవారు. గ్రహాల స్థానాలు గణితం, ఫలాలు కల్పన. నేను గణితానికే పూచీ పడ్డాను.

ఒకరోజు మా సపోర్ట్ టీమ్ అమ్మాయి స్వప్న ఫోన్ పట్టుకుని వచ్చింది. ఆమె పెళ్లాడాలనుకున్న అబ్బాయిది కూకట్‌పల్లి. అతని తల్లి మా యాప్‌లోనే ఈమె జాతకం చూసి సంబంధం వద్దన్నారు.

"ఏంది సార్ గిది? ఆశ్లేషల పుట్టిన కోడలు అత్తకు గండమంట. అది పాము నక్షత్రమంట. మీ యాప్ నన్ను పామును చేసింది!"

లెక్క తవ్వితే భూమి పుట్టుక దాకా వెళ్లాల్సి వచ్చింది. ధూళిమేఘం కుంచించుకుపోయి గ్రహాలుగా ముద్దకట్టినప్పుడు అందులోని కొద్దిపాటి తిరుగుడు వేగం పుంజుకుంది. ఆపేదేమీ లేదు గనుక భూమి ఇంకా తిరుగుతోంది. తిరిగి తిరిగి దాని నడుము ఉబ్బింది. ఆ ఉబ్బును సూర్యచంద్రులు లాగుతుంటే ఇరుసు బొంగరంలా మెల్లగా తూలుతుంది. దానివల్ల ఆకాశంలో కొలత మొదలుపెట్టే బిందువు ఏటా కాస్త జరుగుతుంది. ఆ జరుగుడు లెక్కే అయనాంశ. ఎవరికి వాళ్లు పుట్టిన ఏటి విలువ వాడాల్సింది పోయి, మా డెవలపర్ కిశోర్ ఆ ఏటి విలువనే అందరికీ బిగించేశాడు. ఆ ఏడు పుట్టిన పసివాళ్లకు సరిపోయింది. పాతికేళ్ల స్వప్నకు తప్పింది.

సరిచేశాం. స్వప్న నక్షత్రం ఆశ్లేష కాదు, దాని పక్కనున్న మఖ అని వచ్చింది.

"కంగ్రాట్స్ అండీ, మీ అత్తగారికి గండం తప్పింది!" అన్నాడు కిశోర్.

స్వప్న నవ్వలేదు. అక్కడే స్పీకర్ పెట్టి ఆవిడకు ఫోన్ చేసి, లెక్క మారిందని చెప్పింది.

"నిజమా తల్లీ! నీ మొహం చూసినప్పుడే అనుకున్నానమ్మా, ఇది ఆశ్లేష కళ కాదని!"

"భూమి తూలుడు లెక్క తప్పింది ఆంటీ, నేను మారలే. నిన్న గండం, ఇయ్యాల లక్ష్మి అంటే ఒప్పుకోను. నక్షత్రం చూసి పిలిస్తే రాను. నన్ను చూసి పిలిస్తే వస్త."

కిశోర్ కుర్చీ తిప్పడం ఆపేశాడు.

"గడుసుదానివే," అన్నారావిడ. "ఆదివారం భోజనానికి రా. ఆ ఫోన్‌లో లెక్కలేమీ చూపించకు."

తప్పు లెక్కను సరిదిద్దితే నా పని అయిపోతుందనుకునేవాణ్ణి. ఆ లెక్కతో మనిషిని కొలవొద్దని చెప్పడం కూడా పనేనని ఆ రోజు తెలిసింది. ఆ మాట చెప్పిన అమ్మాయి మా ఆఫీసు మనిషని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను.