మూత మీద పొత్రం

సీతమ్మ నోరు విప్పితే అపార్టుమెంటు బ్లాకు కింద బస్సు కోసం నిలబడ్డవాళ్లు తలెత్తి చూస్తారని జురాంగ్ వెస్ట్‌లో ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. అయితే ఆవిడ తిట్లలో ముప్పాతిక వంతు మొగుడికీ కొడుక్కీ కాదు, హాల్లో గాజు తొట్టెలో తిరిగే చేపకు. ఆ సంగతి ఇంట్లోకి వెళ్లినవాళ్లకే తెలిసేది.

"తినడం, తిరగడం, మళ్లీ తినడం! నీకు రొయ్యలు ఒలిచి పెట్టడానికేనా నూకరాజూ, మా అమ్మ నన్ను కన్నది?"

నూకరాజు మీసాలాడించి అటు తిరిగేవాడు.

అది అరోవానా. చైనావాళ్లు డ్రాగన్ చేప అంటారు. బంగారు రంగు పొలుసులు, ఒక్కొక్కటీ రూపాయి బిళ్లంత. సీతమ్మ భర్త సూర్యారావు షిప్‌యార్డులో వెల్డరుగా ఉన్న రోజుల్లో, తోటి పనివాడొకడు మలయాలోని పహాంగ్ నుంచి ప్లాస్టిక్ సంచిలో నీళ్లు పోసి తెచ్చిచ్చాడు. అప్పుడది వేలెడంత. అక్కడివాళ్లు దాన్ని కూర వండుకునేవారట, ముళ్లెక్కువని విసుక్కుంటూనే. సూర్యారావు వండుకోలేదు. అదే నెలలో కొడుకు విష్ణు పుట్టాడు. విష్ణు బడికెళ్లి, అక్కడి కుర్రాళ్లందరిలాగే పటాలంలో చేసొచ్చి, డిగ్రీ పుచ్చుకుని ఉద్యోగంలో చేరాడు. చేప మాత్రం ఆ గోడవారనే ఉంది. మంచినీటి చేపల్లో ఇవి దీర్ఘాయువులు. సరిగా చూసుకుంటే పెంచినవాడి కంటే ఎక్కువ కాలం ఉన్నా ఉంటాయి.

ఒక్కటే చిక్కు, అది ఎగిరే రకం. పైన దోమ కనబడినా నిలువునా లేస్తుంది. అందుకే తొట్టెకు చెక్క మూత, మూత మీద చుట్టకుదురు, దాని మీద రుబ్బురోలు పొత్రం. సీతమ్మ మామ్మ నూకాలమ్మ భీమిలిలో ఓడెక్కి మలయా రబ్బరు తోటలకు వచ్చినప్పుడు రోలు మోయలేక పొత్రం ఒక్కటే తెచ్చుకుంది. ఇంట్లోకి మిక్సీ వచ్చాక అది చేప నెత్తికెక్కింది. "మీ మామ్మ కాపలా కాస్తోంది కదే, అందుకే వీడు నూకరాజు" అని సూర్యారావు నవ్వేవాడు.

రెండు వేల సంవత్సరం అది. ఊరంతా డాట్‌కామ్ జ్వరం. హైదరాబాదు నుంచి దిగిన కుర్రాళ్లు పక్క పేట క్లెమెంటిలో గదుల కోసం తలుపులు కొడుతున్నారు. విష్ణు కంపెనీ కూడా అటువైపే. పరుపు కూడా అక్కడే వేసుకున్నాడో ఏమో, ఇంటికి బట్టలు మార్చుకోవడానికి వచ్చేవాడు. ఒకసారి వాళ్ల బాసు వచ్చి నూకరాజును చూసి, ఆఫీసు ముందు హాల్లో పెట్టుకుంటే అదృష్టం కలిసొస్తుందన్నాడు. "ఇంటి మనిషిని ఎవరైనా పంపిస్తారా బాబూ" అన్నాడు సూర్యారావు. ఆ మాట మీద బాసు కాఫీ తాగి వెళ్లిపోయాడు.

ఆ వర్షాకాలంలోనే సూర్యారావు మార్కెట్ నుంచి వస్తూ లిఫ్టులో కూలబడ్డాడు. గుండె. బైపాస్ చెయ్యాలన్నారు, గ్యారంటీ ఏమీ ఇవ్వలేమని కూడా అన్నారు.  ఇంట్లో తిట్లు ఆగిపోయాయి.

పక్కింటి చైనా ఆవిడ గో ఆంటీ గంజి చేసి పట్టుకొచ్చింది. ఇద్దరికీ ఉన్న భాష బజారు మలయ్, చేతులు, కళ్లు. గో ఆంటీ తొట్టె వైపు చూసి గొంతు తగ్గించింది.

"సీతా, ఈ రోజుల్లో ఆ చేప చచ్చిపోతే ఏడవకు. మంచిదే. యజమానికి రావలసిన కీడు అది మోసుకుపోతుంది. మా బావకి అలాగే అయింది. చేప పోయింది, మనిషి లేచి కూర్చున్నాడు."

ఆవిడ ఓదార్పుగానే అంది పాపం. కానీ ఆ మాట సీతమ్మకు ఎక్కడో తగిలింది. చిన్నప్పుడు రబ్బరు తోటలో నాన్నకు విషజ్వరం వస్తే, మామ్మ నల్లకోడిని ఆయన తల చుట్టూ తిప్పి, దిగదుడుపు తీసి నాలుగు దారుల కూడలిలో పడేసింది. తెల్లారేసరికి నాన్న చారన్నం అడిగాడు. కోడి పనికొస్తే చేప ఎందుకు పనికిరాదు? అని మనసు ఒక పక్క లాగింది. ఛీ, నా చేత్తో పెంచిన ప్రాణి కదా, అని ఇంకో పక్క ఏడ్చింది. నూకరాజు గాజుకు మూతి ఆనించి రొయ్య కోసం చూస్తుంటే ఆవిడ ముఖం తిప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం ఆసుపత్రికి బయలుదేరుతూ సూర్యారావు తొట్టె ముందు కుర్చీలో కాసేపు కూర్చున్నాడు. సీతమ్మ ఒలిచిన రొయ్యను గుప్పిట్లో పట్టుకొచ్చి ఆయన తల చుట్టూ మూడుసార్లు తిప్పింది.

"ఏటే ఇది?"

"దిష్టి. మాట్లాడకండి."

రొయ్యను నీళ్లలో వేసింది. నూకరాజు ఒక్క గుటకలో మింగాడు. సూర్యారావు పెళ్లాం ముఖం కేసి చూశాడు.

ఇంకా చీకటుండగానే లేచి సీతమ్మ దేవుడికి దీపం పెట్టి, పొత్రాన్ని రెండు చేతులా ఎత్తి వంటింట్లో మూల పెట్టింది. చుట్టకుదురూ తీసేసింది. మూత సగానికి జరిపి, తొట్టె పైన లైటు వెలిగించింది. పురుగులు చేరడానికి అది చాలు. "నన్ను క్షమించు నాయనా" అని బయటకు అని, తలుపు తాళం వేసి, వెనక్కి చూడకుండా బస్సెక్కింది.

ఆసుపత్రి వరండాలో ఆవిడ ఒంటరిగా కూర్చుంది. తండ్రిని కొయ్యడానికి తీసుకెళ్తుంటే కొడుకు రాలేదు. ఆ కంప్యూటర్లలో మన్ను పొయ్య, ఆ ఉద్యోగం తగలెయ్య, అని లోలోపల శపించింది. ఇంటి దగ్గర ఈపాటికి ఏమై ఉంటుందో తలుచుకున్నప్పుడల్లా కళ్లు మూసుకుంది. అయినా, జరిగేది జరగనీ, అనుకుంది. ఆయన బతికితే చాలు.

మధ్యాహ్నం దాటాక విష్ణు వచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది. చేతుల నిండా నీచు వాసన.

"అమ్మా, డోంట్ వర్రీ. నూకరాజు జంప్ చేశాడు. నేను వెళ్లేసరికి ఫ్లోర్ మీద పడి కొట్టుకుంటున్నాడు. ఐ పుట్ హిమ్ బ్యాక్. ఓకే ఆల్రెడీ."

సీతమ్మ లేచి కొడుకు చెంప ఛెళ్లుమనిపించింది. "ఎందుకు పెట్టావురా! నిన్నెవరు వెళ్లమన్నారు? మీ నాన్న ప్రాణం తీసేశావు కదరా!"

వరండా అంతా ఇటు తిరిగింది. విష్ణు చెంప పట్టుకుని బిత్తరపోయాడు. "నాన్నే చెప్పారమ్మా. పొద్దున్నే వార్డ్ నుంచి ఫోన్ చేశారు. హాస్పిటల్‌కి రావద్దు, ఇంటికెళ్లి చేప దగ్గర కూర్చో అన్నారు. వై, ఐ డోంట్ నో."

ఆవిడ అలాగే నేల మీద చతికిలబడింది. డాక్టరు బయటకు వచ్చి ప్రాణం నిలబడిందని చెప్పేదాకా, ఆయన చావుకు ముహూర్తం తన కొడుకే పెట్టాడని నమ్ముతూ కూర్చుంది. 

సూర్యారావు ఇంటికి వచ్చి, దిండును ఛాతీకి అదుముకుని అదే కుర్చీలో కూర్చున్నాడు. నూకరాజుకు ఒక పక్క పొలుసులు లేచిపోయాయి. కొంచెం ఒరిగి ఈదుతున్నాడు. సీతమ్మ ఆ పక్క చూడలేక గుమ్మం దగ్గరే నిలబడింది.

"రొయ్య తిప్పినప్పుడే అనుకున్నానే" అన్నాడాయన. "గో ఆంటీ ఆ కథ నాకూ చెప్పింది."

"తెలిసి నన్ను ఆపలేదేం?"

"ఆపితే నువ్వు వినే రకమేటి?"

ఆవిడకు దుఃఖం, కోపం కలిసి తన్నుకొచ్చాయి. "మీ ప్రాణం కంటే చేప ఎక్కువైపోయిందా మీకు? దాని బదులు మీరు పోతే నా గతేం కాను?"

"అదేనే నేనూ ఆలోచించింది." ఆయన ఊపిరి కూడదీసుకున్నాడు. "ఈ కోతతో వచ్చేది కొద్దికాలమేనని డాక్టరు నాకు చెప్పాడు. నీకు చెప్పొద్దన్నాను. కొడుకు చూస్తే ఆఫీసులో కాపురం పెట్టాడు. వీడికింకా బోలెడు ఆయుష్షుంది. రేపు నేను లేకపోతే, వీడూ లేకపోతే, ఈ ఇంట్లో నువ్వెవర్ని తిడతావే సీతా? తిట్టకుండా నువ్వు బతకలేవు."

సీతమ్మ వంటింట్లోకి వెళ్లి, పొత్రాన్ని పొట్టకు ఆనించుకుని తెచ్చి, చుట్టకుదురు సర్ది, మూత మీద పెట్టింది. తర్వాత ఆయన మోకాళ్ల మీద తల పెట్టి గట్టిగా ఏడ్చింది.

మరుసటి ఏడు వర్షాలు మళ్లీ మొదలయ్యేలోపే సూర్యారావు నిద్రలో పోయాడు. కర్మకాండలయ్యాయి, బంధువులు వెళ్లిపోయారు. సెలవులు అయిపోయి విష్ణు మళ్లీ ఆఫీసుకు వెళ్లిపోయాడు. ఆ ఇంట్లోంచి మాట వినబడటం మానేసింది. గో ఆంటీ గోడకు చెవి ఆనించి, ఏమీ వినబడక భయపడి, గంజి తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లేది. గంజి అలాగే ఉండేది. నూకరాజు కూడా తిండి మానేసి అడుక్కు దిగి, కదలకుండా ఉన్నాడు.

ఒక పొద్దున, బస్సు కోసం నిలబడ్డవాళ్లు ఉలిక్కిపడి తలెత్తి చూశారు.

"ఒరే నూకరాజూ! ఒలిచిన రొయ్య ఒలిచినట్టే ఉంది, ఎవడి కోసంరా ఈ బెట్టు? నువ్వు కూడా నన్నొదిలేసి పోదామనే? నువ్వు పోతే రేపు ఆయనకు నేనేం జవాబు చెప్పనురా, తినరా నా తండ్రీ, తిను..."

ఆ గొంతు మధ్యలో విరిగింది. మళ్లీ మొదటినుంచీ అందుకుంది.