చిన్నాయన వాకబు

మొన్న ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే ఒకప్పుడు మా ఇంట్లో చూసిన పాత బ్రిటిష్ కామెడీ సీరియల్ ముక్క ఒకటి కనిపించింది. అందులో ఒక ప్రైవేటు డిటెక్టివ్ ఉంటాడు. గంభీరంగా కోటు తొడుక్కుని ప్రతిసారీ తప్పు మనిషినే వెంబడిస్తాడు. జనమంతా నవ్వే చోట నాకు మా చిన్నాయన గుర్తొచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంట్లో ఆ సీరియల్‌ను ఆయనంత శ్రద్ధగా చూసినవాళ్ళు లేరు. బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి కాబట్టి అనుమానం ఆయనకు ఉద్యోగంతో పాటే అలవాటైంది. తెరమీది ఇంగ్లీషు సగం అర్థమయ్యేది కాదు. ఆ సగం తానే కల్పించుకునేవాడు. మేం నవ్వితే మాత్రం ఊరుకునేవాడు కాదు. "నవ్వుడేంది? ఆడెట్ల కనిపెడుతుండో జర చూడున్రి" అని కసిరేవాడు.

ఆ రోజుల్లోనే మా చెల్లెలికి ఎల్బీనగర్ సంబంధం వచ్చింది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం, అబ్బాయికి బ్యాంకు ఉద్యోగం. చెల్లెలికి అతను నచ్చేశాడని ఫోన్ చూసి నవ్వుకునే తీరులోనే తెలిసిపోయేది. మాకే మనసు కుదుట పడలేదు. ఎంత వెతికినా వంక దొరకలేదు, అదే మా భయం. ఇంత మంచివాడికి ఇన్నాళ్ళూ పెళ్ళెందుకు కాలేదు? పెళ్ళిచూపుల్లో వాళ్ళ నాన్న మేం అడగకముందే అన్నిటికీ జవాబులు చెప్పాడు. వాళ్ళమ్మ అసలు నోరు విప్పలేదు. టీ అందుకుంటూ చెల్లెలి ముఖంలోకి చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. అది చూసినప్పటి నుంచి నాకు ఒకటే గుబులు. ఏదో దాస్తున్నారు.

పెళ్ళి ఖాయం చేసేముందు వాకబు చేయడం మా వైపు ఆనవాయితీ. అబ్బాయి వీధిలో కిరాణా కొట్టు ముందు నిలబడి, ఒక సబ్బు కొని, మాటల్లో మాటగా అడిగి రావడమే. చిన్నాయనకు అది చాలలేదు. తన ముఖం వాళ్ళకు తెలియకూడదని పెళ్ళిచూపులకే రాలేదు. "సీరియల్ల ఆయన గ్యాస్ మీటర్ చూసేటోని లెక్క పోతడు. ఇక్కడ గా మీటర్లెక్కడియి? నేను టూలెట్ బోర్డు జూసొచ్చినోని లెక్క పోత" అన్నాడు. అబ్బాయి ఇల్లు గుడి దగ్గరి సందులో రెండోదని మధ్యవర్తి చెప్పాడు. ఒక సాయంత్రం చిన్నాయన వెళ్ళి మెయిన్ రోడ్డు వైపు నుంచి లెక్కపెట్టాడు. మధ్యవర్తి లెక్క గుడి వైపు నుంచి. అబ్బాయి ఇంటి పక్కదే అనుకుని, టూలెట్ బోర్డు వేలాడుతున్న గేటు తీశాడు.

ఒకావిడ వచ్చి మేడమీది పోర్షన్ చూపించింది. చిన్నాయన గోడలు తట్టి, కిటికీలు తీసి, ఇక అసలు సంగతికి వచ్చాడు. "పక్కింట్ల బ్యాంకు పిలగాడున్నడంట గదమ్మా, ఎట్లాంటోడు? కిరాయికుండేటోళ్లం, చుట్టుపక్కల తెల్సుకోవాలె గద."

ఆవిడ కిందికి వెళ్ళి కాఫీ తెచ్చి, ఎదురుగా కూర్చుంది.

"మంచివాడేనండి. చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి. ఇప్పుడు మందులతో అదుపులోనే ఉన్నాయి. ఆ మాట చెప్పగానే వచ్చిన సంబంధాలన్నీ వెళ్ళిపోయాయి. ఈసారి అమ్మాయివాళ్ళకి చెప్పొద్దని వాళ్ళమ్మ చేత వాళ్ళాయన ఒట్టేయించుకున్నాడండి."

చిన్నాయన గుట్టు పట్టేసిన ఆనందంలో ఉండగానే కింద బైకు ఆగింది. ఫొటోలో చూసిన అబ్బాయి మెట్లెక్కి వచ్చి, "అమ్మా, ఎవరొచ్చారు?" అన్నాడు.

"ఇల్లు చూడ్డానికి వచ్చారు నాన్నా" అంది ఆవిడ.

చిన్నాయన ఇంటికొచ్చి జరిగిందంతా మా ముందు పెట్టాడు. నాన్న వద్దన్నాడు. నేనూ వద్దనే అన్నాను. చెల్లెలు చాలాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చింది. "దాచమన్నది ఆయన. చెప్పింది ఆమె. నేను ఉండేది ఆమె తోటి. ఆ పిలగానితోటి నేనే మాట్లాడుత" అంది. మాట్లాడింది. అతను ఒక్కటి కూడా దాచలేదట. పెళ్ళయింది.

అనుమానం మాత్రం నన్ను వదల్లేదు. ఆవిడకు వచ్చినవాడెవరో ముందే తెలుసా, లేక నోరుజారిందా? అడుగుదామనుకుంటూనే ఏళ్ళు గడిచాయి. చిన్నాయన పోయాడు. ఆవిడకు మతిమరుపు ముదిరింది. ఈమధ్య చూడబోతే, చెల్లెలు వెనక కూర్చుని ఆవిడ తల దువ్వుతోంది. ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. నా చెయ్యి పట్టుకుని రహస్యంగా చెప్పింది.

"ఇల్లు చూడ్డానికి ఒకాయన వచ్చారమ్మా. ఇల్లు కావలసినవాళ్ళు ముందు నీళ్ళొస్తాయా అని అడుగుతారు కదా. ఆయన మా వాడి గురించి అడిగారు. అప్పుడే తెలిసిపోయింది ఎవరో. అంతా చెప్పేశాను. ఆ సంబంధం కుదిరిందంటావా?"

నేను చెల్లెలి వైపు చూశాను.

"కుదిరిందత్తమ్మా" అంది చెల్లెలు, దువ్వెన ఆపకుండానే.

కాలం ఆవిడ దగ్గర్నుంచి ఊళ్ళనూ పేర్లనూ ఒక్కొక్కటిగా తీసుకుపోతోంది, ఆ సాయంత్రపు భయాన్ని మాత్రం ఇంకా ముట్టుకోలేదు.