డకోటా తోకకు మిగిలిన ఎర్రగుడ్డ

ఈరోజు పొద్దున మా అపార్ట్‌మెంటులో ఒక మనిషికి చేతులారా కరెంటు షాకు కొట్టించాను. మోచెయ్యి చీరుకుపోయి, రెండు వేళ్లు కమిలి, అంతకుమించి ఏమీ కాకుండా ఆ మనిషి బయటపడ్డాడు కనుక ఇప్పుడిలా మీతో చెప్పుకోగలుగుతున్నాను. లేకపోతే ఈ కాగితం ముందు కూర్చునే మొహం నాకు ఉండేది కాదు.

మన్సూరాబాద్‌లో మాది ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంటు. నిన్న సాయంత్రం నుంచి పై ట్యాంకులోకి నీళ్లెక్కడం లేదు. ట్యాంకు నిండగానే మోటారును ఆపే వైరు ఎక్కడో పాడైందని, మా గల్లీలో దాదాపు అన్ని అపార్ట్‌మెంట్లకూ పనిచేసే ఎలక్ట్రీషియన్ పొద్దున్నే వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, మా నల్లగొండ వైపువాడే. సెల్లారులో మోటారు బోర్డు పక్కన కుర్చీ వేసుకుని పేపరు చదవడం నాకు అలవాటు. అతను మోటారు మెయిన్ దించి, వైరు చుట్ట భుజానికి తగిలించుకుని, "పెద్దసారూ, కరెంటు బంద్ చేసిన. నేను మీదికి పోతున్న. ఎవల్నీ ముట్టనియ్యకుండ్రి" అని నాకు అప్పజెప్పి వెళ్లాడు. నేను సరేనని తలూపాను.

కొంతసేపటికి నీలంచొక్కా వేసుకున్న మనిషి ఒకడు పనిముట్ల సంచీతో మోటారుసైకిలు మీద గేటు దాటి వెళ్లడం కనిపించింది. ఎలక్ట్రీషియన్‌దీ నీలంచొక్కాయే. అంతలో రెండో అంతస్తు నుంచి మా కోడలు, "మామయ్యా, నీళ్లెప్పుడొస్తయంట? పిల్లల బస్సొచ్చే టైమైంది" అని కేక వేసింది. పని ముగించుకుని, చెప్పడం మరిచి వెళ్లిపోయాడనుకున్నాను. లేచి మెయిన్ ఎత్తాను. పైనుంచి ఒక అరుపు, వెంటనే ఏదో దభీమని పడిన చప్పుడు వినిపించాయి.

గబుక్కున మెయిన్ దించేసి, లిఫ్టులో పైకి చేరేసరికి ఇద్దరు ముగ్గురు అప్పటికే పోగయ్యారు. అతను ట్యాంకుకు ఆనుకుని కూర్చుని చెయ్యి విదిలించుకుంటున్నాడు. పిట్టగోడ అతని వెనక రెండడుగుల దూరంలో ఉంది, అదీ మోకాలెత్తు గోడ. నన్ను చూసి, పళ్ల బిగువున నవ్వుతూ, "ఎవలు ఏసిన్రు సారూ? నా మీద గంత పగ ఎవలికున్నది?" అన్నాడు. నేను నీళ్లు తెమ్మని ఎవరినో పురమాయించాను.

అంతలో మా అసోసియేషన్ సెక్రటరీ వచ్చారు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దమనిషి, మాట కరుకు, మనసు మంచిదే. "ఏమయ్యా, ఇన్నేళ్ల నుంచి పని చేస్తున్నావు, ఫ్యూజులు పీకి జేబులో వేసుకోవాలని తెలీదా? నీకేమన్నా అయితే మా మెడకు కాదూ చుట్టుకునేది? ఆ స్విచ్చి ఏ పిల్లాడో ఎత్తుంటాడు. కట్టు కట్టించుకుని, సాయంత్రం వచ్చి నీ సామాను పట్టుకుపో. మేం ఇంకొకర్ని చూసుకుంటాం" అన్నారు. ఫోను తీసి గల్లీ గ్రూపులో కూడా ఆ సంగతి పెట్టారు. ఆ ఒక్క ముక్కతో మా గల్లీ మొత్తం అతనికి తలుపులు మూసేస్తుందని అక్కడున్న అందరికీ తెలుసు. అతను సెక్రటరీ వైపు చూడలేదు, నా వైపు చూశాడు. నేను ట్యాంకు మూత వైపు చూశాను. పొద్దున నా చెయ్యి చేసిన తప్పు కంటే ఇది పెద్దదని అప్పుడే తెలిసినా నోరు పెగల్లేదు.

అతని తోటిపనివాడెవరో వచ్చి అతన్ని బండి మీద ఎల్బీ నగర్ దవాఖానకు తీసుకుపోయాడు. నేను ఇంట్లోకి వచ్చి, అన్నం సహించక, మంచం మీద వాలాను. అప్పుడు గుర్తుకొచ్చాడు మా మేనమామ.

మా తరం వాళ్లకు డకోటా విమానం తెలియనిది కాదు. ఆకాశంలో గంభీరంగా మోత పెడుతూ పోతుంటే పనులు మాని తలలెత్తి చూసినవాళ్లమే కదా మనమంతా. ఆ డకోటాల్లో సరుకులు మోసే ఒక కంపెనీలో మా మామ మెకానిక్కు. నూనూగు మీసాల వయసులో నన్ను ఊరి నుంచి తెచ్చి తన దగ్గరే పనిలో పెట్టుకున్నాడు. పొద్దున్నే ఆ విమానాల రెక్కల కింద దూరి పెట్రోలు ట్యాంకుల అడుగు నుంచి ఒక సీసాడు పట్టి, వెలుతురుకు ఎత్తి, నీటిబొట్టు ఉందా లేదా అని చూడటంతో నా ఉద్యోగం మొదలైంది. ఆ బొట్టు ఇంజను గొంతులో పడితే ఏమవుతుందో మామ కథలు కథలుగా చెప్పేవాడు.

ఆ రోజుల్లో విమానాలు కూలడానికి పెద్ద పెద్ద కారణాలు ఉంటాయని జనం అనుకునేవారు కానీ, చాలాసార్లు అవి ఇంట్లో జరిగే పొరపాట్లంత చిన్నవి. మబ్బు కింద కొండ లేదనుకుని దిగినవాళ్లున్నారు. రెండు ఇంజన్లలో ఒకటి చెడితే, కంగారులో దాన్ని వదిలేసి బాగున్నదాన్ని ఆపినవాళ్లున్నారు. బరువు ఇంకొక నాలుగు మూటలు ఆగుతుందిలే అనుకున్నవాళ్లున్నారు. అందుకే మామకు అనుకున్నా అనే మాట గిట్టేది కాదు. నా నోట అది వినిపిస్తే, "అనుకున్నవా, సూసినవా? గది చెప్పు ముందు" అని పానా చూపించేవాడు.

డకోటా నిలబడి ఉన్నప్పుడు రెక్కల చివరా తోక దగ్గరా ఆడే పలకలు గాలికి కొట్టుకుని విరగకుండా వాటికి చెక్క బిగింపులు పెట్టేవాళ్లం. రెక్కలకు రెండు, తోకలో అడ్డపలకలకు రెండు, నిలువు పలకకు ఒకటి. ఒక్కొక్కదానికీ మూరెడు ఎర్రగుడ్డ వేలాడేది. అవి తీయకుండా ఎగరబోతే విమానం పైలట్ మాట వినదు. కాబట్టి బయలుదేరే ముందు ఐదూ తీసి, కెప్టెన్ కిటికీకి ఎదురుగా నిలబడి, విసనకర్రలా విప్పి పైకెత్తి చూపించాలి. కెప్టెన్ లెక్కపెట్టుకుని, కిటికీలోంచి ఐదు వేళ్లు చాచి చూపించాలి. ఆ తర్వాతే చక్రాల కింద దిమ్మలు లాగేది.

ఒక వానాకాలం మమ్మల్ని ఒక చిన్న ఊరి ఎయిర్‌డ్రోముకు పంపారు. ఆ పొద్దున ఒక వాన వెలిసీ వెలవకముందే ఇంకో వాన కమ్ముకొస్తోంది. అది మీద పడేలోగా ఎగరాలని కెప్టెన్ తొందర. మామ తడుస్తూ బిగింపులు తీశాడు. తోకలో ఒకదాని ఎర్రగుడ్డ తడిసి పలక అడుగుకు అతుక్కుపోయి కంటికి ఆనలేదు. చేతిలోవి విప్పకుండానే కట్టగా పైకెత్తాడు. కెప్టెన్ కూడా లెక్కపెట్టకుండానే ఐదు వేళ్లు చూపించాడు. నేను అవతల పెట్రోలు పీపాల దగ్గరున్నాను. విమానం పరుగెత్తడం చూశాను. తోక లేచింది కానీ ముక్కు ఎంతకీ పైకి తిరగలేదు. ఆఖరుకు కెప్టెన్ ఇంజన్లు ఆపేస్తే, విమానం కంచె తెంచుకుని, దున్నిన పొలంలో బురదలోకి ముక్కు దించి నిలబడిపోయింది. బురదే కాపాడింది. మంటలు లేవలేదు. అందరూ నడిచి బయటికొచ్చారు, కెప్టెన్ ఒక్కడికే దవడ ఎముక విరిగింది.

మాట్లాడలేని మనిషి మీద తప్పు తోయడం ఎంత సులువో నేను అప్పుడు చూశాను. కెప్టెన్ దవడకు తీగలు కట్టించుకుని ఆసుపత్రిలో ఉండగానే, వానలో తొందరపడ్డాడనీ, ఎగిరే ముందు పలకలు ఆడించి చూసుకోలేదనీ విచారణకొచ్చిన అధికారులు దాదాపు తేల్చేశారు. అందులో అబద్ధమూ లేదు, ఆయన చూసుకోవలసిందే. కానీ మామ షెడ్డులోకి పోయి సంచీ విప్పాడు. నాలుగే ఉన్నాయి. కంచె తెంచుకుపోవడంలో తోక నుజ్జునుజ్జయింది, ఐదోది ఎక్కడ ఊడిపడిందో ఎవరూ వెతకలేదు. మామ చెప్పకపోతే కెప్టెన్ లైసెన్సు పోయి, ఆ సంగతి అక్కడితో ముగిసేది.

విచారణ గది బయట బల్ల మీద కూర్చుని నేనే మామ చెవిలో గొణిగాను. "నిన్ను ఎవరూ అడగలే కద మామా. ఎందుకు నీకు?"

"అడగకుంటే చెప్పొద్దారా?"

"ఆయన గూడ సూసుకోలే కద!"

"ఆయన తప్పు ఆయనే మోస్తడు. నాది గూడ ఆయన నెత్తిన పెట్టాల్నా? జరుగు."

లోపలికి పోయి ఆ నాలుగు చెక్కలూ బల్ల మీద పరిచాడు. మర్నాడు పొలంలో బురద తవ్విస్తే ఎర్రగుడ్డతో సహా ఐదోది దొరికింది. కెప్టెన్‌ను మందలించి వదిలేశారు. మామను మాత్రం విమానాల దగ్గరికి రానివ్వకుండా స్టోరుకు మార్చారు. పానా పట్టిన చేతులు మేకులూ తాళ్లూ అందించడం చూసి నేను కుమిలిపోయేవాణ్ని. మామ మాత్రం ఆ రోజు తర్వాత హాయిగా నిద్రపోయాడు, గురక విన్నవాణ్ని నేనే. కొన్ని నెలల తర్వాత ఆ కెప్టెన్ మళ్లీ మా ఎయిర్‌డ్రోముకు వచ్చాడు. డకోటా స్టోరు ముందు నుంచి పోతూ ఒక్క క్షణం ఆగింది. కిటికీలోంచి ఐదు వేళ్లు చాచిన చెయ్యి బయటికొచ్చింది. మామ స్టోరు గుమ్మంలో నిలబడి తన ఐదు వేళ్లూ చూపించాడు. అప్పటి నుంచి వచ్చినప్పుడల్లా అదే తంతు. చూసినవాళ్లు టాటా చెప్పుకుంటున్నారనుకునేవాళ్లు.

ఆ మేనమామకు మేనల్లుణ్ని నేను. ఆయన చేతికింద పని నేర్చి, ఇంతకాలం విమానాల కింద బతికి, ఈరోజు ఒక నీలంచొక్కాను చూసి అనుకున్నాను. మంచం మీద నుంచి లేచి, సాయంత్రం ఐదు కాకముందే సెల్లారులోకి దిగి నిలబడ్డాను.

అతను చేతికి కట్టుతో సామాను కోసం వచ్చాడు. సెక్రటరీ, కింది పోర్షను వాళ్లు, వాచ్‌మన్ దంపతులు అందరూ అక్కడే ఉన్నారు. మెయిన్ ఎత్తింది ఏ పిల్లాడో కాదనీ, నేనేననీ, పొద్దున నోరు మెదపకపోవడం కూడా నేను చేసిన తప్పేననీ చెప్పాను. సెక్రటరీ తెల్లబోయి, "అదేంటండీ, మీరా! పోనీలెండి, పెద్దవారు, ఏదో పొరపాటు..." అని సర్దబోయారు. పెద్దవాణ్నయినందుకే పోనివ్వకూడదన్నాను. ఫ్యూజులు తీయకపోవడం అతని తప్పే కావచ్చు, మెయిన్ ఎత్తింది మాత్రం నేను, గ్రూపులో పెట్టిన మాట అందుకే మార్చాలన్నాను. నాకు టైపు చెయ్యడం చేతకాదు కనుక ఆయన ఫోనే తీసుకుని, నా గొంతుతోనే మాట రికార్డు చేసి గ్రూపుకు పంపాను. ఆయన పొద్దున పెట్టింది తీసేసి, ఎలక్ట్రీషియన్ భుజం తట్టి, "రేపటి నుంచి ఫ్యూజులు పీకవయ్యా బాబూ" అన్నారు.

అందరూ వెళ్లాక అతనికి క్షమాపణ చెప్పుకున్నాను. అతను వైరు చుట్టుకుంటూ, "నాకెరికే సారూ" అన్నాడు.

"ఎట్ల ఎరిక?"

"బోర్డు కాడ మీరే కద ఉన్నది. మీకే కద అప్పజెప్పిన."

"మరి పొద్దున చెప్పకపోతివేంది?"

"మీరు చెప్తరేమో అని సూసిన" అన్నాడు. తలెత్తి, "చెప్పిన్రు. అయిపాయె. ఇగ వైరు కలిపి పోతా, అందరు నీళ్లకు పరేషాన్ అయితున్నరు" అన్నాడు.

ఇప్పటి విమానాల్లో అన్నిటికీ దీపాలూ గంటలూ ఉన్నాయి, ఏది తెరిచి ఉన్నా యంత్రమే అరిచి చెబుతుంది. అయినా పోయినేడు శంషాబాద్‌లో విమానమెక్కి కిటికీలోంచి చూస్తే, కింద నిలబడిన ఒక మనిషి చక్రంలోంచి తీసిన ఎర్రపట్టీ పిన్నును పైకెత్తి పైలట్‌కు చూపిస్తున్నాడు. మామ గుర్తొచ్చి కళ్లు చెమ్మగిల్లాయి. అక్కడ ఆ అలవాటు మిగిలింది, మన ఇళ్లలోనే లేకుండా పోయింది. ఒకరి ప్రాణం మన చేతిలో ఉన్నప్పుడు అది ఎదుటివాడి కంటికి కనబడేలా పట్టుకోవాలన్న పట్టింపు ఇదివరకు మామూలు మనుషులకు కూడా ఉండేది. ఇప్పుడు ఒక తలూపుతో సరిపెడుతున్నాం, నేనూ అంతే చేశాను.

అందుకని ఈసారి మెయిన్ దించి ఉందని చూసుకుని, మోటారువి మూడు ఫ్యూజులూ నేనే పీకాను. మా కోడలి పాత ఎర్ర చున్నీ చింపి మూడింటికీ కట్టి, అవి లెక్కపెట్టుకున్నాకే వైరు ముట్టమని అతనికి చెప్పి పైకి పంపాను. సెల్లారు దాటి, డాబా మీది నుంచి కనబడేచోట గేటు దగ్గర నిలబడి, విసనకర్రలా విప్పి పైకెత్తాను. పిట్టగోడ మీదుగా అతను వంగి చూశాడు. ఒకటి, రెండు, మూడు అని వేలితో లెక్కపెట్టడం కనిపించింది. నవ్వుతూ కట్టులేని చేత్తో మూడు వేళ్లు చూపించి, ట్యాంకు వైపు వెళ్లాడు.

గేటు ముందు పోయేవాళ్లు ఈ ముసలాయన ఎవరికి జెండా ఊపుతున్నాడా అని చూసిపోయారు. చెయ్యి లాగసాగింది. అతను పని ముగించి, తనంతట తానే కిందికి దిగివచ్చి, నా చేతిలోంచి ఫ్యూజులు తీసుకునేదాకా దించలేదు.