బాన మూతి మీది తెల్లగుడ్డ

పొద్దున మొదటి లోడు దించడానికి ఆటోక్లేవ్ తలుపు తీసినప్పుడు, పరికరాలకు చుట్టిన నూలుబట్టలోంచి ఒక వెచ్చటి వాసన వస్తుంది. సుల్తాన్‌పూర్‌లో ఆపరేషన్ కత్తెరలు, పట్టుకార్లు తయారుచేసే కంపెనీ మాది. ఒత్తిడి మీద ఆవిరి పట్టి వాటిలో సూక్ష్మక్రిములు లేకుండా చేసే పెద్ద ఇనుప పెట్టెను ఆటోక్లేవ్ అంటారు. పరికరాలు లోపలికి వెళ్లకముందే ఆ ఆవిరిని కాస్త సన్నగొట్టంలో చల్లార్చి, గాజుసీసాలోకి నీళ్లుగా పట్టి, అందులో మలినం ఉందా, ఆవిరి మరీ తడిగా వస్తోందా అని పరీక్షించడం నా పని. "ఆవిరిని జూసుడేందే, దానికి జీతం గూడనా?" అని మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు. ఆయనకేం తెలుసు, ఆవిరిని చూడటం మా ఇంట్లో తాతముత్తాతల నుంచి వస్తున్న పనే.

మేం కర్దనూర్ చాకలోళ్లం. ఊరి పక్క వాగొడ్డున మా చాకిరేవు ఉండేది. మట్టిపొయ్యి మీద అప్పటి నా ఎత్తు బాన ఒకటి ఎక్కించి, అందులో నీళ్లు పోసి, సోడాలో నానబెట్టి పిండిన బట్టలను దాని మూతి చుట్టూ గోపురంలా పేర్చి, పైన పాత బొంత కప్పేవాళ్లు. కింది మంటకు ఆవిరి బట్టల సందుల్లోంచి పైకి పాకుతూ, చీరల పసుపు మరకలూ ధోవతుల చెమట జిడ్డూ వదిలించేది. బాన దగ్గర పెత్తనమంతా మా నాయనమ్మ నర్సమ్మది. బాన సగం కన్నా ఎక్కువ నీళ్లు పోయనిచ్చేది కాదు, మంట ఎగదోస్తే ఊరుకునేది కాదు. "మంట జోరైతే నీళ్లు దుంకుతయ్. బట్టకు ఆవిరి తగలాలె గని నీళ్లు తగలొద్దు," అనేది. బట్టలు కుక్కి పేరిస్తే విప్పించి మళ్లీ పేర్పించేది, నడుమ సందు లేకపోతే ఆవిరి లోపలికి పోదని. వీటన్నిటికీ ముందు ఇంకో పని చేసేది. నీళ్లు మరిగాక, బట్టలు పేర్చకముందు, ఒక తెల్లగుడ్డను బాన మూతి మీద పరిచి, అది ఆవిరికి తడిశాక ఎండకు ఎత్తి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. గుడ్డ బాగుంటేనే బట్టలు ఎక్కేవి.

మాకు అవేవీ పట్టేవి కావు. దండేల మీద తడిచీరల మధ్య దొంగాట ఆడటం, బట్టల అంచుల్లో నల్లజీడితో వేసిన చుక్కలను బట్టి ఇది ఎవరింటిదో చెప్పే పందేలు, ఎదురుతిరిగే గాడిదను నలుగురం కలిసి నెట్టడం, చలికాలమైతే పొయ్యి బూడిదలో కందగడ్డలు పూడ్చి అవి కాలేదాకా బాన గోడకు వీపు ఆనించి కూర్చోవడం, ఇదే మా లోకం. బతుకమ్మ రోజుల్లో బట్టలివ్వడానికి పోతే ఇంటింటా సత్తుపిండి ముద్దలు పెట్టేవాళ్లు, పీర్ల పండుగకు తురకలింటి షర్బతు లోటాల్లో వచ్చేది. ఊళ్లో ఎవరింట్లో బిడ్డ పుట్టినా, ఉయ్యాల్లో వేసే తొట్టెల పండుగనాడు ఆ బిడ్డ కింద మొదటి తెల్లబట్ట పరిచే హక్కు మా నాయనమ్మదే. ఆ రోజు ఆమె నడకే వేరుగా ఉండేది.

నేను కాస్త పెద్దయ్యేసరికి వాగు నీళ్ల రంగు మారింది. ఎగువన ఎన్నో ఫ్యాక్టరీలు, ఏది వదిలిందో ఎవరు చెబుతారు. నురగ వచ్చేది, చేతులు దురద పెట్టేవి. పక్కనే బోరు వేయిస్తే అందులోనూ అదే వాసన. ఆ ఎండాకాలం పటేల్ ఇంట్లో మనవరాలు పుట్టింది. తొట్టెల పొద్దున నాయనమ్మ బాన ఎక్కించి గుడ్డ పరిచింది. ఎత్తి చూస్తే పసుపు చారలు, మందుల వాసన. నీళ్లు మార్చి మళ్లీ కాచినా అంతే.

"జెర నీలిమందు ఎక్కువ కలుపు. ఎవలకు కానొస్తది?" అన్నాడు తాత.

"కన్నుకు కానరాదు. పోరి ఒంటికి తెలుస్తది."

"ఉత్త చేతులతోని పోతే ఇగ మనల పిలువరు. టౌనుల లాండ్రీకి ఏస్తరు."

తాత చెప్పిందీ అబద్ధం కాదు. అప్పటికే రెండిళ్లు మమ్మల్ని మానేశాయి. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని, ఆ చారల గుడ్డ కొంగున కట్టుకుని బయలుదేరింది. దారి పొడుగునా నాకు భయమే. చుట్టాలందరి ముందు తిడతారని, ఇక సత్తుపిండి ఎవరూ పెట్టరని.

"ఏంది నర్సమ్మా, బట్టేది?" అంది పటేలమ్మ, బిడ్డ నానమ్మ.

నాయనమ్మ కొంగు విప్పి గుడ్డ చూపించింది. "నీళ్లు ఖరాబైనయ్ పటేలమ్మా. ఈ ఆవిరి పట్టిన బట్ట పసిగుడ్డు కింద పరుచుడు నాతోని కాదు. తిడితే తిట్టుండ్రి."

ఎవరో చుట్టపామె లాండ్రీ మాట ఎత్తనే ఎత్తింది. పటేలమ్మ గుడ్డ తీసుకుని వాసన చూసింది. తర్వాత వాకిట్లో ట్యాంకరు నీళ్లు పట్టిన డ్రమ్ము వైపు చూపించి, "గవి తీస్కో. బాన ఈడికే తెప్పియ్," అంది.

"అవి తాగే నీళ్లు గద."

"మేం జెర ఆగి తాగుతంలే."

అలా మా బాన పటేల్ వాకిట్లోకి వచ్చింది. నాయనమ్మ ఆ నీళ్లతోనే బట్ట ఉతికి, ఆ నీళ్లతోనే ఆవిరి పట్టింది. అంతకుముందు తెల్లగుడ్డ పరిచి, ఎత్తి, ముందు తాను చూసి తర్వాత పటేలమ్మకు ఇచ్చింది. తొట్టెల ఆలస్యమైందని చుట్టాలు సణుక్కున్నారు, దాహమని పిల్లలు ఏడ్చారు. వెచ్చటి బట్ట మీద ఆ బిడ్డ హాయిగా నిద్రపోయింది. ఆ సాయంత్రం మా నాయనమ్మ ఊళ్లో అందరికన్నా పొడుగు మనిషిలా కనిపించింది నాకు.

అదే ఆఖరి బాన. వాకిట్లో ఒకనాడు పెట్టవచ్చు గానీ తాగే నీళ్లతో ఊరి బట్టలన్నీ ఉతకలేం కదా. గాడిదలను అమ్మేశారు, మా నాయన ఫ్యాక్టరీలో హమాలీగా కుదిరాడు. నాయనమ్మ బానను గోడవారగా బోర్లించి, మళ్లీ దాని మాట ఎత్తలేదు.

నాకు ఈ నౌకరి వచ్చినప్పుడు నాయనమ్మ మంచంలో ఉంది. పనేమిటో విడమర్చి చెబితే అంతా విని, జీతమెంతని కూడా అడగలేదు.

"నీళ్లేడియి?"

"మస్తు సాఫ్ చేసినయ్ నాయినమ్మా, మిషన్లతోని."

"ఎవలు జూసిండ్రు?"

"నేనే జూస్త."

"గట్లయితే పో," అంది.

ఇప్పుడు రేవు లేదు, అక్కడ ప్రహరీగోడ, లారీలు. నల్లజీడి చుక్కలు చదవగలిగినవాళ్లూ లేరు. ఇవాళ పొద్దున సీసాలో నీళ్లు కొంచెం మసకగా అనిపించి లోడు ఆపించాను. బయట లారీ ఎదురుచూస్తోంది. "థోడా హీ హై మేడమ్," అన్నాడు మా ఆపరేటర్, కొంచెమే కదా అన్నట్టు. గొట్టం కడిగించి, ఆవిరి వదిలించి, మళ్లీ పట్టించి, వెలుగుకెత్తి చూశాను. ఈసారి నీళ్లు తేటగా ఉన్నాయి.

జూసిన నాయినమ్మా, నేనే జూసిన.